రక్తనాళాల లోపలి పొర మీద సైటోకైన్లు ఏం చేస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్‌కు ఒళ్లంతా అదుపు తప్పి స్పందించడం), గుండెపోటు, డెంగీ, కీళ్లవాతం, తీవ్రమైన కోవిడ్... ఏ జబ్బు గురించి చదివినా ‘రక్తనాళాల లోపలి పొర దెబ్బతింది’ అనే మాట ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఆ మాట నాకు పూర్తిగా నచ్చదు. చాలాసార్లు ఆ పొర దెబ్బతినదు. అందిన కబురుకు తగ్గట్టు తన పని తాను చేస్తుంది, అంతే. ఆ పని ఒక్కచోట, కొద్దిసేపు జరిగితే మనకు రక్ష. ఒళ్లంతా ఒకేసారి జరిగినా, ఏళ్ల తరబడి సాగినా ప్రాణం మీదికి తెస్తుంది. కింది జవాబులన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

రక్తనాళం అంటే రక్తం పారే గొట్టమే కదా. లోపలి పొరకు అంత ప్రాధాన్యం దేనికి?

వైద్యులు కూడా చాలాకాలం అలాగే అనుకున్నారు. గుండె గదుల నుంచి కాలి వేలి చివర ఉండే కేశనాళిక దాకా, రక్తం తగిలే ప్రతి చోటా ఒకే ఒక్క వరుస కణాలు పరుచుకుని ఉంటాయి. వీటిని ఎండోథీలియల్ కణాలు అంటారు. కేశనాళికల్లో కండరపు పొర ఉండదు కాబట్టి అక్కడ గోడ అంటే దాదాపు ఇవే.

1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, జాన్ జవాడ్జ్‌కీ కుందేలు మహాధమని ముక్కలతో చేసిన ప్రయోగం పాత అభిప్రాయాన్ని తలకిందులు చేసింది. అసిటైల్‌కోలిన్ వేస్తే ధమని వదులవుతుంది. లోపలి పొరను గీకేసిన ముక్క మీద అదే మందు వేస్తే వదులు కాకపోగా బిగుసుకుంది. అంటే కండరాన్ని సడలించే పదార్థమేదో ఆ పొర నుంచే వస్తోంది. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. ఈ పరిశోధనలకు 1998లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

మామూలు రోజుల్లో ఈ పొర రక్తనాళాన్ని కావలసినంత వదులుగా ఉంచుతుంది, రక్తం గడ్డకట్టనివ్వదు, తెల్లరక్తకణాలను అంటుకోనివ్వదు, నీరూ ప్రోటీన్లూ ఎంత బయటికి పోవాలో చూసుకుంటుంది. సైటోకైన్లు వచ్చి మార్చేది సరిగ్గా ఈ నాలుగింటినే.

సైటోకైన్లు అంటే ఏమిటి? వాటిని ఎవరు పంపుతారు?

కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి విడుదల చేసే చిన్న ప్రోటీన్లు. సూక్ష్మజీవి చొరబడినా, కణజాలం నలిగినా అక్కడున్న మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను మింగే కణాలు) ముందుగా టీఎన్ఎఫ్ (ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్), ఐఎల్-1, ఐఎల్-6 (ఐఎల్ అంటే ఇంటర్‌ల్యూకిన్) వంటివి వదులుతాయి. టీ కణాలు అనే తెల్లరక్తకణాలు ఇంటర్ఫెరాన్-గామా పంపుతాయి. ఊళ్లో దండోరా వేస్తే అందరూ వింటారు, ఎవరి పని వాళ్లు మొదలుపెడతారు. ఇదీ అంతే. ఐఎల్-6 కాలేయానికి చేరితే అక్కడ సీఆర్‌పీ అనే ప్రోటీన్ తయారవుతుంది. ఐఎల్-1 ప్రభావం మెదడు దాకా వెళ్తే జ్వరం వస్తుంది. రక్తనాళాల పొరకు అందితే ఏమవుతుందన్నది ఈ వ్యాసం విషయం.

ఇంకో సంగతి: ఈ పొర వినడంతో ఆగదు. టీఎన్ఎఫ్ తగిలిన కొన్ని గంటల్లో తనే ఐఎల్-6, ఐఎల్-8, ఎంసీపీ-1 తయారుచేసి పంపడం మొదలుపెడుతుంది. అలా కబురు ఇంకా బిగ్గరగా మారుతుంది.

కబురు అందాక కణం లోపల ఏం జరుగుతుంది?

టీఎన్ఎఫ్‌నే తీసుకుందాం. అది కణం పైనున్న టీఎన్ఎఫ్ఆర్1 అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. గ్రాహకం లోపలి కొసకు కొన్ని ప్రోటీన్లు వచ్చి చేరి ఐకేకే అనే ఎంజైమ్‌ను మేల్కొలుపుతాయి. కణద్రవ్యంలో ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్‌ను ఐ-కప్పా-బి అనేది పట్టి ఉంచుతుంది. ఐకేకే ఈ ఐ-కప్పా-బికి ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ గుర్తు పడినదాన్ని కణం ముక్కలు చేసేస్తుంది. పట్టు వదిలిన ఎన్ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏ మీద కూర్చుని, ఇన్‌ఫ్లమేషన్‌కు (వాపు, మంటలతో కూడిన స్పందనకు) కావలసిన జన్యువులను వరసపెట్టి పనిలోకి దించుతుంది. ఎన్ఎఫ్-కప్పా-బిని 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ బి కణాలు అనే తెల్లరక్తకణాల్లో కనుగొన్నారు. అది దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుందని వెంటనే తెలిసింది.

ఇందులో నాకు ముచ్చటేసేది ఏమిటంటే, ఎన్ఎఫ్-కప్పా-బి పనిలోకి దించే జన్యువుల్లో ఐ-కప్పా-బి జన్యువు కూడా ఉంది. అంటే తనను తిరిగి కట్టిపడేసేదాన్ని తనే తయారు చేయించుకుంటుంది. కబురు ఆగిపోతే కణం దానంతట అదే సద్దుమణుగుతుంది. కబురు ఆగకపోతేనే చిక్కు.

ఐఎల్-6 దారి వేరు. ఎండోథీలియల్ కణాల మీద దాని అసలు గ్రాహకం చాలా తక్కువ. కానీ రక్తంలో తిరిగే ఐఎల్-6 గ్రాహకపు ముక్కలు ఐఎల్-6ను పట్టుకుని వచ్చి కణం మీదున్న జీపీ130 అనే ప్రోటీన్‌కు అందిస్తాయి. ఇన్‌ఫ్లమేషన్ ముదిరినప్పుడు తెల్లరక్తకణాలు ఈ ముక్కలను ఎక్కువగా వదులుతాయి కాబట్టి, ఈ పక్కదారి అప్పుడే జోరందుకుంటుంది.

దోమ కుట్టిన నిమిషంలోనే దద్దురు లేస్తుంది. మరి జన్యువులు పనిచేయడానికి గంటలు పట్టాలి కదా?

మంచి ప్రశ్న. స్పందనలు రెండు రకాలు. హిస్టమిన్, థ్రాంబిన్ లాంటివి తగిలితే కణంలో కాల్షియం పెరిగి, అప్పటికే సిద్ధంగా ఉన్న సరుకు నిమిషాల్లో బయటపడుతుంది. ఆ సరుకు వైబెల్-పలాడే బాడీలు అనే పొడవాటి సంచుల్లో ఉంటుంది. ఈవాల్డ్ వైబెల్, జార్జ్ పలాడే వీటిని 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూశారు. వాటిలో ప్లేట్‌లెట్లను పట్టుకునే వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్, తెల్లరక్తకణాలను ఆపే పి-సెలెక్టిన్ ఉంటాయి. ఈ స్పందన పది ఇరవై నిమిషాల్లో తగ్గిపోతుంది. దోమకాటు దద్దురు ఈ కోవకే చెందుతుంది.

టీఎన్ఎఫ్, ఐఎల్-1 తెచ్చే స్పందన రెండో రకం. కొత్త ప్రోటీన్లు తయారుకావాలి కాబట్టి గంటలు పడుతుంది, అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుంది కూడా. ప్రయోగశాలలో పెంచిన కణాల మీద తెల్లరక్తకణాలను పట్టుకునే ఈ-సెలెక్టిన్ అనే ప్రోటీన్ నాలుగు నుంచి ఆరు గంటలకు శిఖరానికి చేరి, ఒక రోజులో తగ్గిపోతుంది. అలాంటి పట్టు ప్రోటీనే అయిన ఐకామ్-1 మాత్రం రోజు గడిచినా అలాగే ఉంటుంది. ఇంత వివరంగా చెప్పగలుగుతున్నామంటే అందుకు 1973లో ఎరిక్ జాఫీ బృందం బొడ్డుతాడు సిర నుంచి ఈ కణాలను తీసి పెంచే పద్ధతిని స్థిరపరచడమే కారణం. నేటికీ చాలా ప్రయోగశాలలు ఆ కణాలనే వాడుతున్నాయి.

అంత వేగంగా పారే రక్తంలో తెల్లరక్తకణం సరైన చోటే ఎలా ఆగుతుంది?

మొత్తం కథలో ఇదే అందమైన భాగమని నా అభిప్రాయం. అందుకే కాస్త తీరిగ్గా చెబుతాను.

తెల్లరక్తకణాలు ఎక్కువగా బయటికి వచ్చేది ధమనుల నుంచి కాదు, కేశనాళికలు దాటగానే మొదలయ్యే సన్నని సిరల నుంచి. అక్కడ ప్రవాహం నెమ్మదిస్తుంది. సైటోకైన్ తగిలిన పొర మీద సెలెక్టిన్లు మొలుస్తాయి. ఇవి తెల్లరక్తకణం పైనున్న చక్కెర గొలుసులను పట్టుకుంటాయి, కానీ గట్టిగా కాదు. ఒక పట్టు వీడేలోపు ఇంకో పట్టు పడుతుంది. దాంతో కణం కొట్టుకుపోకుండా గోడ వెంట దొర్లుతుంది.

అలా దొర్లేటప్పుడు పొర మీద అతికించి ఉన్న ఐఎల్-8 వంటి కీమోకైన్లు (తెల్లరక్తకణాలను రప్పించే సైటోకైన్లు) దానికి తగులుతాయి. అవి తగలగానే తెల్లరక్తకణం పైన ముడుచుకుని ఉన్న ఇంటెగ్రిన్లు అనే పట్టు ప్రోటీన్లు సెకన్లలోనే నిటారుగా విచ్చుకుని ఐకామ్-1, వీకామ్-1లను బిగించి పట్టుకుంటాయి. దొర్లడం ఆగుతుంది. తర్వాత కణం చదునుగా పరుచుకుని, రెండు ఎండోథీలియల్ కణాల మధ్య సందు వెతుక్కుని దూరిపోతుంది. కొన్నిసార్లు ఏకంగా ఒక కణం గుండానే వెళ్లిపోతుంది.

సెలెక్టిన్, కీమోకైన్, ఇంటెగ్రిన్ మూడూ కుదిరితేనే కణం బయటికి వస్తుంది. ఏ రకం కణం రావాలో కూడా ఈ కలయికే తేలుస్తుంది. ఐఎల్-4, ఐఎల్-13 ఎక్కువగా ఉన్నచోట వీకామ్-1 పెరిగి, న్యూట్రోఫిల్స్ కంటే ఇయోసినోఫిల్స్ (రెండూ తెల్లరక్తకణాల రకాలే) ఎక్కువగా వస్తాయి. అలర్జీలో కనిపించేది అదే. ఊపిరితిత్తుల్లో ఈ లెక్క కొంత మారుతుంది. అక్కడి కేశనాళికలు న్యూట్రోఫిల్ కంటే సన్నం కాబట్టి, దొర్లకుండానే ఇరుక్కుపోతుంది.

ఈ అంటుకునే గుణం లేకపోతే గుండెజబ్బులు రావు కదా. అది మంచిదే కాదా?

కాదు. ఇంటెగ్రిన్లలో ఒక ముఖ్యమైన భాగం లోపించి పుట్టే పిల్లలున్నారు. వాళ్ల రక్తంలో తెల్లరక్తకణాల సంఖ్య చాలా ఎక్కువ, కానీ అవి బయటికి రాలేవు. బొడ్డు తొందరగా ఊడదు, పుండ్లు మానవు, ఇన్‌ఫెక్షన్ ఉన్నా చీము పట్టదు. తీవ్రమైన రకంలో ఎముకమజ్జ మార్పిడి చేయకపోతే పసితనంలోనే ప్రాణాపాయం.

వాపులో నీరు ఎలా చేరుతుంది?

పక్కపక్కనున్న ఎండోథీలియల్ కణాలను వీఈ-క్యాథెరిన్ అనే ప్రోటీన్ కలిపి ఉంచుతుంది. సైటోకైన్లు తగిలితే ఈ ప్రోటీన్ అతుకు వదులవుతుంది. కణం లోపలి ఆక్టిన్ పోగులు బిగుసుకుని కణం అంచులను లోపలికి లాగుతాయి. మధ్యలో సందులు ఏర్పడతాయి. వాటిలోంచి ఆల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్, దాని వెంట నీరు బయటికి పోతాయి.

దీనికి తోడు పొర మీద రక్తం వైపు గ్లైకోకేలిక్స్ అనే చక్కెరల, ప్రోటీన్ల పూత ఉంటుంది. తీవ్రమైన ఇన్‌ఫ్లమేషన్‌లో ఎంజైమ్‌లు ఆ పూతను కత్తిరిస్తాయి. సిండెకాన్-1 లాంటి ముక్కలు రక్తంలో కనిపిస్తే ఈ పూత ఊడుతోందని అర్థం.

డెంగీలో ఈ కారడం చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కారే దశ జ్వరం తగ్గే సమయంలో మొదలై, సుమారు 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అందుకే జ్వరం తగ్గింది కదా అని ధీమాగా ఉండకూడదు. ఆ రెండు రోజులు జాగ్రత్తగా గడిస్తే కారడం ఆగిపోతుంది, బయటికి పోయిన నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది. పొర చచ్చిపోయి ఉంటే ఇంత వేగంగా కోలుకోవడం కుదరదు. మొదట్లో నేను చెప్పిన తేడాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

క్యాన్సర్ చికిత్సలోనూ ఇది ఎదురవుతుంది. ఐఎల్-2ను ఎక్కువ మోతాదులో ఇస్తే ఒళ్లంతా రక్తనాళాలు కారి రక్తపోటు పడిపోతుంది. ఆ మందు వాడకానికి అదే పెద్ద అడ్డంకి అయింది.

ఇన్‌ఫ్లమేషన్‌కూ రక్తం గడ్డకట్టడానికీ ఏమిటి సంబంధం?

మామూలుగా ఈ పొర మీద థ్రాంబోమాడ్యులిన్ ఉంటుంది. అది గడ్డకట్టించే థ్రాంబిన్‌ను పట్టుకుని, దానిచేతనే ప్రోటీన్-సి అనే విరుగుడును ఉత్తేజపరుస్తుంది. టీఎన్ఎఫ్, ఐఎల్-1 తగిలితే థ్రాంబోమాడ్యులిన్ తగ్గిపోతుంది. గడ్డలను కరగనివ్వని పీఏఐ-1 పెరుగుతుంది. మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలు గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్‌ను ప్రదర్శిస్తాయి. పొర నుంచి వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ పొడుగాటి తీగలుగా వెలువడి ప్లేట్‌లెట్లను పోగేస్తుంది.

ఒక గాయం దగ్గర ఇది తెలివైన ఏర్పాటే. చుట్టూ చిన్న గడ్డలు కట్టి సూక్ష్మజీవులు రక్తంలో కలవకుండా ఆపుతాయి. అదే విస్తృతంగా జరిగితే ముప్పు. తీవ్రమైన కోవిడ్‌లో ఊపిరితిత్తుల సన్నని నాళాల నిండా గడ్డలు కనిపించడానికి ఈ మార్పులే చాలావరకు కారణం.

నైట్రిక్ ఆక్సైడ్ సంగతి ఏమవుతుంది?

పొర తయారుచేసే నైట్రిక్ ఆక్సైడ్ కొన్ని సెకన్లే ఉంటుంది. కాబట్టి ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండాలి. టీఎన్ఎఫ్ దాన్ని చేసే ఎంజైమ్ తయారీని తగ్గిస్తుంది. పైగా ఇన్‌ఫ్లమేషన్‌లో పుట్టే సూపర్‌ఆక్సైడ్ ఉన్న నైట్రిక్ ఆక్సైడ్‌ను కూడా మింగేస్తుంది. నాళం సరిగా వదులవదు.

దీన్ని మనుషుల్లోనే చూశారు. 2000లో ప్రచురితమైన ఒక బ్రిటన్ అధ్యయనంలో ఆరోగ్యవంతులకు టైఫాయిడ్ టీకా ఇంజెక్షన్ ఇచ్చారు. తేలికపాటి, అదుపులో ఉండే ఇన్‌ఫ్లమేషన్ తెప్పించడానికి అదొక సురక్షితమైన మార్గం. ఎనిమిది గంటలకు నాళాలు వదులయ్యే శక్తి తగ్గింది, 32 గంటలకు మళ్లీ మామూలైపోయింది. ఇది చదివి టీకాకు జంకనక్కరలేదు. ఒక పూట సాగి తనంతట తనే తగ్గిపోయే మార్పు ఇది.

సెప్సిస్‌లో బొమ్మ తిరగబడుతుంది. అక్కడ ఇంకో రకం ఎంజైమ్ మితిమీరి నైట్రిక్ ఆక్సైడ్ చేయడంతో నాళాలు అతిగా వదులై రక్తపోటు కూలిపోతుంది.

సైటోకైన్లన్నీ చెడ్డవేనా?

మంచీ చెడ్డా అని విడదీయడమే తప్పు దారి. ఐఎల్-10 మంటను చల్లారుస్తుంది. వ్యాయామం చేసేటప్పుడు కండరాల నుంచి ఐఎల్-6 బాగా విడుదలవుతుంది. అయితే దాని వెంట టీఎన్ఎఫ్ పెరగదు, పైగా ఐఎల్-10, ఐఎల్-1ను అడ్డుకునే సహజ ప్రోటీన్ పెరుగుతాయి. అదే ఐఎల్-6 కొవ్వు కణజాలం నుంచి పగలూ రాత్రీ కొద్దికొద్దిగా వస్తుంటే ఫలితం వేరు.

టీఎన్ఎఫ్ చరిత్ర ఇంకా విచిత్రం. 1975లో ఆ పేరు పెట్టిందే అది ఎలుకల్లో కణితులను కుళ్లేలా చేస్తోందని. ఒళ్లంతటికీ ఇస్తే మనిషి షాక్‌లోకి వెళ్తాడు కాబట్టి క్యాన్సర్ మందుగా అది నిలబడలేదు. కానీ ఒక్క చేతిలోనో కాలిలోనో రక్తప్రసరణను మిగతా శరీరం నుంచి వేరుచేసి, మెల్ఫలాన్ అనే మందుతో కలిపి అక్కడికే పంపితే కణితి రక్తనాళాలు కూలిపోతాయి. ఈ పద్ధతికి 1999లో యూరప్‌లో అనుమతి వచ్చింది.

సెప్సిస్‌లో జరిగేది ఏమిటి?

పైన చెప్పినవన్నీ ఒకేసారి, అన్ని అవయవాల్లో జరగడం. నాళాలు వదులవుతాయి, కారతాయి, చిన్న నాళాల్లో గడ్డలు కడతాయి, తెల్లరక్తకణాలు ఇన్‌ఫెక్షన్ లేనిచోట కూడా అంటుకుంటాయి. మూత్రపిండాలకు, ఊపిరితిత్తులకు, మెదడుకు రక్తం సరిగా అందదు. 2017లో ప్రపంచమంతటా దాదాపు 4.9 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందని, సుమారు 1.1 కోట్ల మంది చనిపోయారని అంచనా.

అలాంటప్పుడు టీఎన్ఎఫ్‌ను ఆపేస్తే సెప్సిస్ తగ్గాలి కదా?

1990ల్లో అందరూ అలాగే ఆశపడ్డారు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీలను పరీక్షిస్తే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. 1996లో వెలువడిన ఒక పరీక్షలో, టీఎన్ఎఫ్ గ్రాహకంతో తయారుచేసిన మందు ఎక్కువ మోతాదులో ఇచ్చినవారిలో మరణాలు పెరిగాయి. ప్రోటీన్-సి కథ కూడా అంతే. మందుగా తయారుచేసిన ఉత్తేజిత ప్రోటీన్-సికి 2001లో అనుమతి వచ్చింది, తర్వాతి పరీక్షలో ప్రయోజనం తేలక 2011లో మార్కెట్ నుంచి తీసేశారు.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. రోగి ఆసుపత్రికి వచ్చేసరికి టీఎన్ఎఫ్ తొలి అల దాటిపోయి ఉంటుంది. దాన్ని ఆపితే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే శక్తి మాత్రం తగ్గుతుంది. పైగా సెప్సిస్ ఒక్క జబ్బు కాదు. కోవిడ్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఐఎల్-6 గ్రాహకాన్ని అడ్డుకునే టోసిలిజుమాబ్ పనిచేశాయంటే, ఎవరికి, ఏ దశలో ఇవ్వాలో స్పష్టంగా ఉండటం వల్లే. ఆక్సిజన్ అవసరం లేనివారికి డెక్సామెథసోన్ మేలు చేయలేదు.

గుండెపోటుకు కారణం కొలెస్ట్రాల్ అంటారు. మధ్యలో ఇన్‌ఫ్లమేషన్ ఎందుకు?

రెండూ ఒకే కథలోని పాత్రలు. కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులు ధమని గోడలోకి చొరబడి అక్కడ ఇరుక్కుని ఆక్సీకరణ చెందుతాయి. అది ఈ పొరకు కబురు లాంటిదే. వీకామ్-1 మొలుస్తుంది, మోనోసైట్లు లోపలికి దూరి, కొవ్వు మింగి, నురగ కణాలుగా మారతాయి. అవి మళ్లీ ఐఎల్-1 వదులుతాయి.

మరి రక్తంలో కొలెస్ట్రాల్ అంతటా ఒకటే అయినప్పుడు పూడికలు కొన్నిచోట్లే ఎందుకు వస్తాయి? రక్తం సాఫీగా పారే నిటారు భాగాల్లో ఆ ఒరిపిడి వల్ల కేఎల్ఎఫ్2 అనే ప్రోటీన్ పెరిగి, నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచి, ఎన్ఎఫ్-కప్పా-బిని అదుపులో ఉంచుతుంది. ధమని చీలేచోట, వంపు తిరిగేచోట ప్రవాహం అటూ ఇటూ తడబడుతుంది. అక్కడ ఈ రక్షణ తక్కువ. కాబట్టి ఒకే సైటోకైన్‌కు ఒకే ధమనిలోని రెండు చోట్ల వేర్వేరు స్పందనలు వస్తాయి. పొగతాగడం, మధుమేహం, అధిక రక్తపోటు ఈ బలహీనమైన చోట్లనే ముందుగా పట్టుకుంటాయి.

సైటోకైన్లను ఆపితే గుండెపోట్లు తగ్గుతాయని రుజువుందా?

ఉంది. 2017లో వెలువడిన కాంటోస్ పరీక్షలో ఇదివరకే గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ లీటరుకు 2 మిల్లీగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. ఐఎల్-1లో ఒక రకమైన ఐఎల్-1 బీటాను అడ్డుకునే కానకినుమాబ్‌ను మూడు నెలలకోసారి 150 మిల్లీగ్రాములు ఇస్తే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ఎల్‌డీఎల్ ఏమాత్రం మారలేదు. అంటే మేలు కొలెస్ట్రాల్ దారిలో రాలేదు. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా రాలేదు. ఖరీదైన ఆ మందు గుండెజబ్బు చికిత్సలోకి రాలేదు.

తర్వాత పాత గౌట్ మందు కోల్చిసిన్‌ను పరీక్షించారు. రోజుకు 0.5 మిల్లీగ్రాములతో 2019లో కోల్కాట్ పరీక్షలో 23 శాతం, 2020లో లోడోకో-2లో 31 శాతం తగ్గుదల కనిపించింది. 2024లో వచ్చిన క్లియర్ సినర్జీ మాత్రం ప్రయోజనం చూపలేదు. మెథోట్రెక్సేట్‌తో చేసిన సర్ట్ పరీక్ష కూడా విఫలమైంది. ఆ మందు ఐఎల్-1 బీటా, ఐఎల్-6, సీఆర్‌పీలను తగ్గించనే లేదు. ఏదో ఒక విధంగా ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తే చాలదు, ఏ దారిని మూస్తున్నామన్నది ముఖ్యమని నేను దీన్నుంచి అర్థం చేసుకున్నాను.

కోల్చిసిన్ చవక కాబట్టి సొంతంగా మొదలుపెట్టేవాళ్లుంటారు. మూత్రపిండాల జబ్బు ఉన్నా, క్లారిథ్రోమైసిన్ లాంటి మందులు వాడుతున్నా అది విషమవుతుంది.

ఫ్లూ తర్వాత గుండెపోటు రావచ్చా?

రావచ్చు. 2018లో ప్రచురితమైన కెనడా అధ్యయనంలో, పరీక్షలో ఫ్లూ నిర్ధారణ అయిన తర్వాతి ఏడు రోజుల్లో గుండెపోటు ముప్పు మామూలు రోజుల కంటే ఆరు రెట్లు కనిపించింది. అప్పటికే ఉన్న పూడిక మీది పొర సైటోకైన్లతో గడ్డకట్టే వైపు మొగ్గడం, గుండెకు పని పెరగడం రెండూ కలుస్తాయి. గుండెజబ్బు ఉన్నవారికి ఫ్లూ టీకా సూచించడానికి ఇదీ ఒక కారణమే.

నాకు రుమటాయిడ్ కీళ్లవాతం ఉంది. గుండె గురించి కూడా చూసుకోవాలా?

చూసుకోవాలి. కీలులో పుట్టే టీఎన్ఎఫ్, ఐఎల్-6 అక్కడే ఆగవు. యూరప్ కీళ్లవైద్యుల సంఘం మామూలు పద్ధతిలో లెక్కించిన గుండె ముప్పును ఈ జబ్బు ఉన్నవారిలో 1.5తో హెచ్చించమంటుంది. జబ్బును అదుపులో పెడితే ఆ ముప్పు కూడా తగ్గుతుంది. టీఎన్ఎఫ్‌ను ఆపే మందులు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. దాగి ఉన్న క్షయను కట్టడిచేసే పని కూడా టీఎన్ఎఫ్‌దే మరి.

చిగుళ్ల జబ్బు కూడా లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో 120 మందిని తీసుకున్నారు. చిగుళ్లను లోతుగా శుభ్రం చేసిన మర్నాడు రక్తనాళాల పనితీరు తగ్గింది, ఆరు నెలలకు మాత్రం మామూలు చికిత్స పొందినవారికంటే మెరుగైంది. గుండెపోట్లు తగ్గుతాయా అన్నది ఆ అధ్యయనం చూడలేదు.

నా పొర ఎలా ఉందో తెలుసుకునే పరీక్ష ఉందా?

పరిశోధనల్లో చేతి ధమనిని అయిదు నిమిషాలు కఫ్‌తో బిగించి, వదిలాక అది ఎంత వెడల్పవుతుందో అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. చేసేవారి నైపుణ్యాన్ని బట్టి ఫలితం మారుతుంది కాబట్టి రోజువారీ వైద్యంలో వాడరు. సైటోకైన్లను రక్తంలో కొలిపించుకోవడం మామూలు మనిషికి దండగ. గంట గంటకూ మారిపోతాయి. హెచ్ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీని సూక్ష్మంగా కొలిచే రక్తపరీక్ష) కొంత ఉపయోగం. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ఏదో ఇన్‌ఫెక్షన్ ఉండి ఉంటుంది, అది తగ్గాక మళ్లీ చేయించాలి.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే నొప్పి మాత్రలు వాడితే రక్తనాళాలకు మేలే కదా?

పేరు చూసి అలా అనుకోవడం సహజం. కానీ ఈ మాత్రలు సైటోకైన్లను ఆపవు, కాక్స్ అనే ఎంజైమ్‌ను ఆపుతాయి. ఎండోథీలియల్ కణాలు అదే ఎంజైమ్‌తో ప్రోస్టాసైక్లిన్ తయారుచేస్తాయి. నాళాన్ని వదులుగా, ప్లేట్‌లెట్లను దూరంగా ఉంచేది అదే. కాక్స్-2ను మాత్రమే ఆపే రోఫెకాక్సిబ్ వల్ల గుండెపోట్లు పెరుగుతున్నాయని తేలి 2004లో దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. డైక్లోఫెనాక్‌తోనూ, ఎక్కువ మోతాదు ఐబుప్రోఫెన్‌తోనూ ఈ ముప్పు ఉంది. తక్కువ మోతాదు ఆస్పిరిన్ వేరు. అది ప్లేట్‌లెట్లలోని కాక్స్-1ను శాశ్వతంగా ఆపేస్తుంది. ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ చేసుకోలేవు. ఎండోథీలియల్ కణాలు చేసుకోగలవు. గుండె కోసం ఆస్పిరిన్ వేసుకునేవారు ఐబుప్రోఫెన్‌ను దానికి ముందు వేసుకుంటే ఆస్పిరిన్ పని చెడిపోతుంది. కాబట్టి రెండూ వాడాల్సి వస్తే ఏది ఎప్పుడు వేసుకోవాలో వైద్యుణ్ని అడగాలి.